మా నది లెక్క చూసే ఆఫీసు: గ్రేటర్ వెల్లింగ్టన్ రీజినల్ కౌన్సిల్‌తో నా పదకొండేళ్ల అనుభవం

ఇంటి పన్ను బిల్లు వచ్చినప్పుడల్లా మా తెలుగువాళ్ల గ్రూపులో ఒకటే ప్రశ్న. "హట్ సిటీ కౌన్సిల్‌కి కడుతున్నాం కదా, మళ్లీ కింద గ్రేటర్ వెల్లింగ్టన్ అని ఇంకో లైను ఏంటి? ఒక ఇంటికి రెండు పన్నులా?" కొత్తగా ఇల్లు కొన్న ఒక తమ్ముడు మొన్న ఫోన్ చేసి మరీ అడిగాడు, "అక్కా, ఈ రెండోవాళ్లు అసలు చేసేదేంటి?" అని. ఫోన్లో పది నిమిషాల్లో చెప్పలేకపోయాను. ఫ్రిజ్ కొంటే రివ్యూ రాస్తాం, బిర్యానీ తింటే రివ్యూ రాస్తాం. ఏడాది పొడవునా వాయిదాల్లో డబ్బు కట్టి, పొద్దున లేచిన దగ్గర్నుంచి వాడుకునేదాని గురించి ఎవరూ రాయరు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేనుండేది న్యూజిలాండ్‌లో, వెల్లింగ్టన్ పక్కన లోయర్ హట్‌లో. వచ్చి పదకొండేళ్లు దాటింది. ఒక గోడౌన్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. పుట్టింది దివిసీమలో, అవనిగడ్డకి అవతల. ఆ సంగతి ఎందుకు చెప్తున్నానో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

ముందు ఎవరి పని ఏంటో చెప్తాను. చెత్తబండి, వీధి రోడ్లు, లైబ్రరీ, కుక్కల రిజిస్ట్రేషను, ఇల్లు కట్టుకోడానికి పర్మిషను, ఇవన్నీ సిటీ కౌన్సిల్ పనులు. నది, నది కరకట్టలు, భూమిలోపలి నీళ్లు, గాలి, సముద్రపు ఒడ్డు, బస్సులు, రైళ్లు, పెద్ద పార్కులు, అడవిని తినేసే ఎలుకలూ, పోసమ్ అనే చెట్లెక్కే జంతువుల నియంత్రణ, రేవులో పడవల భద్రత, ఇవి రీజినల్ కౌన్సిల్ చేతిలో ఉంటాయి. దేశం మొత్తమ్మీద ఇలాంటి రీజినల్ కౌన్సిళ్లు 11 ఉన్నాయి. 1989లో స్థానిక సంస్థలన్నిటినీ తిరగరాసినప్పుడు, అప్పటిదాకా వందల సంఖ్యలో ఉన్న మురుగుకాలవల బోర్డులు, రేవు బోర్డులు, వరద బోర్డులు కలిపేసి వీటికి ఇప్పటి రూపం ఇచ్చారు. నాకు బాగా నచ్చిన విషయం వీటి సరిహద్దులు. చాలావరకు నదుల పరీవాహకం చూసి గీశారు. కొండమీద వాన పడితే ఆ నీళ్లు ఏ నదిలోకి దిగుతాయో చూసి, ఆ నేలంతా ఒక కౌన్సిల్ కింద పెట్టారు.

మా నాన్న శివారు రైతు. కృష్ణా తూర్పు డెల్టాలో కాలవ చివర మా పొలం. పైన లాకుల దగ్గర ఎవరైనా షట్టరు ఒక జానెడు ఎక్కువ ఎత్తితే మాకు నారుమడి ఎండిపోయేది. వంతు ఎప్పుడొస్తుందో తెలీక నాన్న రాత్రిళ్లు బ్యాటరీ లైటు పట్టుకుని తూము దగ్గర కూర్చునేవాడు. కాలవ నీళ్లు చూసే లస్కరు వస్తే టీ ఇప్పించి "పైన ఎంత వదిలారు?" అని అడిగేవాడు. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చాక టీసీ మెంబరుగా, అంటే సంఘంలో మా వైపు రైతుల ప్రతినిధిగా, నిలబడి గెలిచాడు కూడా. అందుకని మా ఇంట్లో నీళ్లంటే ఎప్పుడూ మూడు మాటలే: పైన ఎంత, మనకెంత, ఎవరు రాస్తున్నారు లెక్క. నేను ఈ కౌన్సిల్‌ని చూసింది కూడా ఆ మూడు మాటలతోనే.

మా ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే హట్ నది. ఇక్కడి మూలవాసుల భాష మావోరీలో తే అవా కైరంగి. దాని ఒడ్డున గడ్డి కప్పుకున్న పొడుగాటి మట్టికట్ట ఉంటుంది. మొదటిసారి దాని మీద నడిచిన రోజు నాకు ఇంటికి వెళ్లినట్టే అనిపించింది. అచ్చం మా కరకట్టే. ఇక్కడివాళ్లు స్టాప్‌బ్యాంక్ అంటారు. కట్టినదీ, గడ్డి కోయించేదీ, కుందేళ్లు బొరియలు తవ్వితే పూడ్పించేదీ రీజినల్ కౌన్సిలే. 2001లో వేసుకున్న వరద ప్రణాళికలో సెకనుకు 2,300 ఘనమీటర్ల ప్రవాహాన్ని లెక్కలోకి తీసుకున్నారు. 440 ఏళ్లకోసారి రాగల వరద అన్నమాట. మన లెక్కలో చెప్తే 81 వేల క్యూసెక్కులు. ఇది విని నాన్న ఫోన్లో "అంతేనా?" అన్నాడు. నిజమే, 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కానీ ఈ నది మొత్తం పొడవు 56 కిలోమీటర్లే, కొండలు పక్కనే. పొద్దున పైన వాన దంచితే సాయంత్రానికి మా దగ్గర బురదనీళ్లు. ముంపు కబురు పైనుంచి వచ్చేదాకా ఆగే టైముండదు.

అందుకే వాళ్లు నది మట్టాన్ని ఎప్పటికప్పుడు అందరికీ కనపడేలా పెడతారు. తైతా గోర్జ్ దగ్గర కొలత కేంద్రం ఉంది. వాన పట్టిన రాత్రి నేను ఫోన్లో ఆ గ్రాఫు తెరిచి పడుకుంటాను. నీలం గీత పైకి లేస్తూ ఒకచోట వంగి, మళ్లీ కిందికి తిరుగుతుంది. అది తిరిగిందని చూశాక నిద్ర పడుతుంది. నాన్న లస్కరుని బతిమాలి తెలుసుకున్న విషయం, నాకు మంచంమీదే తెలిసిపోతోంది. దీనికి నేను ఐదుకి ఐదు ఇస్తాను, ఇంకో మాట లేదు.

నదిలో కంకర పేరుకుంటే కౌన్సిలే కొలిచి, ఎంత తీయాలో నిర్ణయించి తీయిస్తుంది. ఎక్కువ తీస్తే ఒడ్డు కోసుకుపోతుంది, తక్కువ తీస్తే వరద పైకి లేస్తుంది. ఇసుక రీచ్‌ల సంగతి తెలిసిన మనవాళ్లకి ఇది ఎంత పెద్ద మాటో నేను చెప్పక్కర్లేదు. ఒడ్డు కోతకి గురయ్యే చోట వరసగా విల్లో చెట్లు నాటుతారు, వేళ్లు మట్టిని పట్టుకుంటాయని.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. పోయిన వేసవిలో అమ్మ వచ్చి ఆర్నెల్లు ఉంది. అమ్మకి ఇక్కడ బాగా నచ్చినవి రెండే. ఒకటి పెరట్లో కరివేపాకు మొక్క చలికి చావకుండా బతికుండటం, రెండోది పెటోనీలో బ్యూయిక్ స్ట్రీట్ కుళాయి.

ఆ కుళాయి పేరు తే పునా వై ఓరా. సముద్రానికి కూతవేటు దూరం. రోజూ ఎవరో ఒకరు కారు డిక్కీ తీసి, పెద్ద పెద్ద సీసాలు వరసగా పెట్టి నీళ్లు పట్టుకుంటూ ఉంటారు. మొదటిరోజు అమ్మ దూరం నుంచి చూసి, "ఇక్కడ కూడా మంచినీళ్లకి లైనా?" అని దిగులుపడింది. ఇంట్లో కుళాయి నీళ్లు తాగొచ్చమ్మా, ఇది క్లోరిన్ కలపని ఊటనీళ్లు, రుచి కోసం పట్టుకుంటారు అని చెప్పాను. దోసిలి పట్టి తాగింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సముద్రం అదిగో కనపడతా ఉంది. నీళ్లు ఇంత తియ్యగా ఎట్టా ఉన్నాయే?" అంది.

దివిసీమలో పుట్టినవాళ్లకే ఆ ప్రశ్న వస్తుంది. మా ఊళ్లో బోరు వేస్తే ఉప్పునీళ్లే. తాగడానికి కాలవ నీళ్లతో నింపిన చెరువే దిక్కు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు అమ్మకి పన్నెండేళ్లు. ఆ తర్వాత చాలా రోజులు తాగేందుకు చుక్క దొరకలేదని ఇప్పటికీ చెప్తుంది. సముద్రం పక్కన భూమిలోంచి తీపినీళ్లు రావడమంటే అమ్మ దృష్టిలో దేవుడి పని.

నేను తెలుసుకుని చెప్పాను. తైతా గోర్జ్ దాటాక నది అడుగునుంచి కొంత నీరు కంకర పొరల్లోకి ఇంకిపోతుంది. ఆ నీరు లోయ కింద జరుగుతూ జరుగుతూ వచ్చి, పైన బంకమట్టి పొర కప్పేసరికి ఒత్తిడి పట్టి, పెటోనీ దగ్గరికొచ్చేసరికి బోరు దింపితే తనంతట తనే పైకి తన్నుకొస్తుంది. ఆ పొర అక్కడితో ఆగకుండా రేవు అడుగునుంచి సముద్రంలోకి కూడా సాగింది. లోయర్ హట్‌లో వాటర్లూ దగ్గరి బావుల్లోంచి తోడి నగరాలకి పంపే నీరు ఇదే. 2016 చివర్లో, 2017 మొదట్లో ఆ నీటిలో ఈ-కోలై అనే క్రిమి కనపడింది కాబట్టి ఇళ్లకొచ్చే నీళ్లలో క్లోరిన్ కలపడం మొదలెట్టారు. బ్యూయిక్ స్ట్రీట్ కుళాయిలో మాత్రం అల్ట్రావయొలెట్ కాంతితో శుద్ధి చేసి వదులుతారు. కుళాయి సిటీ కౌన్సిల్‌ది. కింద ఉన్న నీటి లెక్క రీజినల్ కౌన్సిల్‌ది.

ఆ లెక్క ఎలా ఉంటుందంటే, పెటోనీ సముద్రపు ఒడ్డున పరిశీలన బావులున్నాయి. వాటిలో నీటి మట్టం ఒక గీతకంటే కిందికి దిగితే సముద్రపు ఉప్పునీరు లోపలికి చొరబడే ప్రమాదం ఉందని అర్థం. అందుకని మట్టం ఆ గీత దగ్గరికి వస్తుంటే పైన తోడడం తగ్గించాల్సిందే, ఎంత ఎండాకాలమైనా. ఇది విని అమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మన దగ్గర ఆ గీత ఎవరన్నా గీస్తే బావుణ్ణే" అంది. మన దగ్గర 2002లో వాల్టా చట్టం వచ్చింది, బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాలని అందులో ఉంది. కాగితం మీద ఉన్నదానికీ రోజూ బావిలోకి తొంగిచూసి మట్టం రాసేదానికీ తేడా ఎంతో అమ్మకి నాకంటే బాగా తెలుసు.

నదికి కూడా వాటా ఉంటుందని నేను ఇక్కడే నేర్చుకున్నాను. పైన కైటోకె దగ్గర చిన్న ఆనకట్ట కట్టి, అక్కణ్ణుంచి తాగునీటికి తీసుకుంటారు. ఎంత కరువొచ్చినా ఆ ఆనకట్ట దాటి కిందికి సెకనుకు 600 లీటర్లు వదలాలని అనుమతి పత్రంలోనే రాసుంది. అది చేపలకీ, నదికీ. దేశంలో ఎవరు నదిలోంచి పెద్ద ఎత్తున నీళ్లు తీయాలన్నా, భూమిలోంచి తోడాలన్నా 1991 నాటి వనరుల చట్టం ప్రకారం రీజినల్ కౌన్సిల్ దగ్గర అనుమతి తీసుకోవాలి. ఎంత, ఎన్నేళ్లు, నది ఎంతకి తగ్గితే ఆపాలి, అన్నీ అందులో ఉంటాయి. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, దాచకుండా చెప్తాను. నాలుగు నగరాలకి నీళ్లిచ్చే బాధ్యత ఇన్నాళ్లూ ఇదే కౌన్సిల్‌ది. అంటే అడిగేదీ తనే, అనుమతిచ్చేదీ తనే. ఇలాంటి దరఖాస్తుల మీద నిర్ణయానికి బయటి కమిషనర్లను పెడతారు కాబట్టి నడుస్తోంది. అయినా రెండు పనులూ ఒకే కప్పు కింద ఉండటం నాకు సుతరామూ నచ్చదు. 2026 జులై నుంచి నగరాల నీటి పని వేరే సంస్థకి వెళ్లేలా నిర్ణయమైంది. ఆ విడదీయడం మంచిదే.

నీళ్ల విషయంలోనే ఇంకో పెద్ద తప్పు అందరి కళ్లముందే ఉంది. 2023-24 వేసవిలో వెల్లింగ్టన్, లోయర్ హట్, అప్పర్ హట్, పోరిరువా నాలుగు నగరాల్లో కలిపి శుద్ధి చేసిన నీటిలో దాదాపు 40 శాతం లీకుల్లోనే పోయేది. పాత పైపులు. వీధి పైపులు సిటీ కౌన్సిళ్లవి, పెద్ద పైపులు రీజినల్ కౌన్సిల్‌వి, నడిపేది కౌన్సిళ్లన్నీ కలిసి పెట్టుకున్న కంపెనీ. నదిలోంచి లీటరు లీటరు లెక్కపెట్టి తీసిన నీరు రోడ్డు పక్కన కారిపోవడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ వేసవిలో స్ప్రింక్లర్లు వాడొద్దన్నారు. నేను బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకి పోశాను, అది మనకి చిన్నప్పటి నుంచి అలవాటే. ఇదే రీజియన్‌లో కాపిటి వాళ్లు 2014లో ఇంటింటికీ మీటర్లు పెట్టి, వాడకం దాదాపు నాలుగో వంతు తగ్గించుకున్నారు. పక్కనే ఉన్న ఊరు చేసి చూపించాక కూడా మిగతా నగరాలు ఇన్నేళ్లు ఆగడం తప్పు. రీజినల్ కౌన్సిల్ ఇంకా గట్టిగా అరవాల్సింది. ఈ ఒక్క విషయంలో రెండున్నరకి మించి ఇవ్వను.

ఒకసారి కాలుష్యం గురించి ఫిర్యాదు చేశాను, అది చెప్పాలి. మా వెనక వైఫెటూ అనే వాగు ఉంది. ఒకప్పుడు దేశంలోనే బాగా పాడైన వాగుల్లో ఇదొకటి. ఫ్యాక్టరీల నుంచి దిగిన విషపు బురదను 2009-10లో రీజినల్ కౌన్సిల్ తవ్వి తీయించింది. ఇప్పుడు ఈల్ చేపలు కనపడతాయి. ఒక శనివారం పొద్దున మా పిల్లాడితో బ్రిడ్జి మీద నిలబడి చూస్తే వాగు పాలలా తెల్లగా పోతోంది. కౌన్సిల్ కాలుష్యం లైనుకి ఫోన్ చేశాను. శనివారం కదా, ఎవరొస్తారులే అనుకున్నాను. గంటన్నరలో ఒకామె వచ్చింది. గమ్ బూట్లు వేసుకుని వాగులోకి దిగి, సీసాలో నీళ్లు పట్టి, వాసన చూసి, ఎగువకి నడవడం మొదలెట్టింది. మా వాడు వెంటపడ్డాడు. వాన నీటి కాలవ మూత దగ్గర ఆగి వాడికి చూపించింది: ఇనప జాలీ అంచున తెల్లటి చారలు, ఇంకా తడిగా. అక్కణ్ణుంచి మూడో ఇంటిముందు బకెట్టు, నాలుగు బ్రష్షులు. గోడలకి రంగులేసి బ్రష్షులు రోడ్డుమీద కడిగారు, అంతే. ఇక్కడ వీధి కాలవలో పడ్డది శుద్ధి కేంద్రానికి పోదు, నేరుగా వాగులోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి. ఆవిడ ఇంటాయనతో కోపంగా మాట్లాడలేదు, గడ్డిమీద కడుక్కోమని చూపించి, వివరాలు రాసుకుని వెళ్లింది. సోమవారం నాకు ఫోన్ చేసి ఏం చేశారో చెప్పారు. మనవాళ్లు ఎవరైనా ఇక్కడికి కొత్తగా వస్తే ముందు ఇదే చెప్పండి: కారు కడిగినా గచ్చు కడిగినా సబ్బునీళ్లు రోడ్డుమీదకి వదలొద్దు.

పిల్లలూ కుక్కలూ ఉన్నవాళ్లకి ఇంకో మాట. వేసవిలో నది తగ్గి ఎండ ముదిరితే రాళ్లమీద నల్లగా, ముదురు గోధుమరంగులో తోలులాంటి పొర పడుతుంది. ఒడ్డుకి కొట్టుకొచ్చి ఎండితే లేత రంగుకి తిరుగుతుంది. దగ్గరికెళ్తే పాతగోనెలాంటి మట్టి వాసన. అది విషపు నాచు. కుక్కలు ఆ వాసనకి ఎగబడి తింటాయి, చచ్చిపోతాయి. ఈ నది ఒడ్డున అలా కుక్కలు పోయాయి కూడా. కౌన్సిల్ మనుషులు వేసవంతా ఈతకి దిగే చోట్ల పరీక్షలు చేసి, లావా అనే వెబ్‌సైటులో ఏ చోట ఈతకి మంచిదో రంగులతో పెడతారు. ఒడ్డున బోర్డులు కూడా పెడతారు. మేం టవళ్లు సర్దుకునే ముందు అది చూడటం అలవాటైపోయింది.

రైళ్లూ బస్సులూ మెట్‌లింక్ పేరుతో నడుస్తాయి. అది కూడా ఈ కౌన్సిలే. నేను వాటర్లూ స్టేషన్లో ఎక్కి వెల్లింగ్టన్‌కి వెళ్లొస్తూ చాలా ఏళ్లు పని చేశాను. పెటోనీ దాటాక రైలు సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతుంది. గాలి గట్టిగా వీచిన రోజు కిటికీ అద్దంమీద ఉప్పు తుంపర పడుతుంది. రైళ్లు కొరియావి, మతంగి అని పేరు. పెట్టెలు కౌన్సిల్ కంపెనీవి, పట్టాలు ప్రభుత్వ రైల్వేవి, నడిపేది ఇంకో కాంట్రాక్టు కంపెనీ. ఎక్కడైనా తేడా వస్తే ఎవరిని అడగాలో మామూలు మనిషికి అర్థం కాదు. 2022 నవంబరు దాకా రైల్లో అట్టముక్క టికెట్లే. కండక్టరు వచ్చి కటకటమని కన్నం పెట్టేవాడు. ఇప్పుడు బస్సులోనూ రైల్లోనూ ఒకటే స్నాపర్ కార్డు. ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి తాకించాలి. దిగేటప్పుడు మర్చిపోతే ఎక్కువ డబ్బు కోసేస్తుంది, కొత్తవాళ్లు గుర్తుపెట్టుకోండి. 65 దాటిన ఇక్కడివాళ్లకి రద్దీ లేని వేళల్లో ఉచితం.

బస్సుల చరిత్ర మాత్రం అంత గొప్పది కాదు. 2017 అక్టోబరులో కరెంటు తీగలతో నడిచే ట్రాలీ బస్సులు ఎత్తేశారు. 2018 జులై 15న రూట్లూ కాంట్రాక్టులూ టైములూ అన్నీ ఒక్కరోజులో మార్చేశారు. నేనప్పుడు రైల్లో వెళ్లేదాన్ని కాబట్టి నాకు తగల్లేదు గానీ, ఊరంతా అట్టుడికిపోయింది. అప్పటిదాకా ఒకే బస్సులో వెళ్లినవాళ్లు మధ్యలో దిగి, చలిలో, ఇంకా కప్పు కూడా పూర్తికాని స్టాపుల్లో నిలబడ్డారు. ఆ తర్వాత విచారణలు జరిగాయి, రూట్లు సరిదిద్దారు. ఇప్పుడు ఎలక్ట్రిక్ బస్సులు బాగా పెరిగాయి. డేస్ బేకి వెళ్లే ఎలక్ట్రిక్ ఫెర్రీ కూడా 2022లో వచ్చింది, అమ్మ దాన్ని మూడుసార్లు ఎక్కింది. అయినా నాకు అనిపించేది ఒకటే. నది విషయంలో ఏళ్లతరబడి కొలిచి, ఆగి, ఆలోచించి పని చేసే ఈ కౌన్సిలే, బస్సుల విషయంలో ఎందుకంత తొందరపడింది? నది మట్టం రాసినంత శ్రద్ధగా స్టాపులో నిలబడ్డ మనిషిని కూడా లెక్కలో రాసుకోవాల్సింది. రైలుకి నాలుగు, బస్సుకి మూడు.

పార్కుల గురించి క్లుప్తంగా. అన్నీ ఉచితం. కైటోకె, బెల్మాంట్, బాటిల్ హిల్, క్వీన్ ఎలిజబెత్, ఇంకా ఉన్నాయి. కార్తీకమాసంలో మేం ముప్ఫై మందిమి కైటోకెలో వనభోజనాలు పెట్టుకుంటాం. ఇక్కడ అది వసంతం, చెట్లన్నీ చిగుళ్లతో ఉంటాయి. ఉసిరిచెట్టు లేదు కాబట్టి ఒక పెద్ద రాటా చెట్టు కింద పసుపు కుంకుమ పెట్టుకుంటాం. పులిహోర, గారెలు, గుత్తివంకాయ అన్నీ ఇంటిదగ్గరే వండుకుని డబ్బాల్లో పట్టుకెళ్తాం. చెత్త మూటగట్టి మళ్లీ కార్లోనే తెచ్చుకుంటాం. ఎందుకంటే మేం కూర్చునే చోటికి దగ్గర్లోనే తాగునీటి ఆనకట్ట. ఆ నీళ్లే రేపు మా కుళాయిలో వస్తాయి. ఈ మాట చెప్తే పిల్లలు ఒక్క చిప్స్ కవరు కూడా కింద పడేయలేదు.

ఇప్పుడు ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. 2025 నవంబరులో ఇక్కడి ప్రభుత్వం ఒక ప్రతిపాదన పెట్టింది. మనం ఓటేసి ఎన్నుకునే రీజినల్ కౌన్సిలర్లను తీసేసి, ఆ ప్రాంతంలోని మేయర్లతో ఒక బోర్డు వేసి దానికి అప్పగిస్తారట. రెండు కౌన్సిళ్లు, రెండు ఎన్నికలు, జనానికి గందరగోళం అన్నది వాళ్ల వాదన. అందులో నిజం లేకపోలేదు. నాకు ఫోన్ చేసిన తమ్ముడే సాక్ష్యం. స్థానిక ఎన్నికల్లో సగం మంది కూడా ఓటెయ్యరు. పోస్టులో వచ్చిన కవరు విప్పకుండానే చెత్తలో వేసేస్తారు, మనవాళ్లు కూడా. పర్మనెంట్ రెసిడెంట్లకి కూడా ఓటుందని చాలామందికి తెలియదు. సిటిజెన్‌షిప్ అక్కర్లేదు, దేశంలో ఏడాది ఉంటే చాలు. రీజినల్ కౌన్సిల్‌కైతే నచ్చిన వరుసలో 1, 2, 3 అని నంబర్లు వేసి పంపడమే.

కానీ మేయర్ల బోర్డంటే నాకు మా లాకులే గుర్తొస్తాయి. మేయరు తన ఊరి ఓట్లతో గెలుస్తాడు. తన ఊరికి నీళ్లు చాలకపోతే తన ఊరి మాటే మాట్లాడతాడు, అది తప్పు కూడా కాదు. పైఊరు, కిందిఊరు, నది మొత్తాన్ని ఒకటిగా చూసి "ఇంతకంటే తోడొద్దు" అనే మనిషి ఒకరుండాలి. పెటోనీ ఒడ్డున ఉన్న ఆ పరిశీలన బావులకి ఓటు లేదు. మా నాన్న పొలంలాగా అవి కూడా శివారునే ఉన్నాయి.

ప్రజల అభిప్రాయం అడిగారు కాబట్టి నేనూ ఒక పేజీ రాసి పంపాను. రెండు ఎన్నికలు ఒకటి చేసుకోండి, బిల్లులో లైను ఒక్కటే పెట్టండి, బస్సుల పని కావాలంటే వేరే ఎవరికైనా ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు అన్నాను. ఒక్క ప్రశ్నకి మాత్రం జవాబు కావాలన్నాను. ఎండాకాలంలో ఒడ్డు బావిలో నీరు గీత దగ్గరికి దిగిన రోజు, నాలుగు ఊళ్ల మేయర్లకీ ఒకేసారి నీళ్లు కావాల్సిన రోజు, తోడడం ఆపమని ఎవరు చెప్తారు, ఆ మనిషిని మేం ఎలా ఎన్నుకుంటాం?

పంపేముందు ఫోన్లో నాన్నకి తెలుగులో చదివి వినిపించాను. అంతా విని, "ఆ బావి మట్టం రోజూ రాస్తారా, వారానికోసారా?" అని అడిగాడు. యంత్రమే రాస్తుంది నాన్నా, ఎప్పటికప్పుడు అన్నాను. "సరే అయితే, పంపు" అన్నాడు.